పంచర్ పడని టైరు కట్టించుకునే సుంకం

పల్లేరు కాయను ఎప్పుడైనా అరచేతిలో పెట్టుకుని చూశారా? ఎటు దొర్లించినా ఒక ముల్లు నిటారుగా పైకే లేచి ఉంటుంది. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద తిరిగినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర కాలికి గుచ్చుకునే ఈ మొక్క ఎలాగో అమెరికా పడమటి రాష్ట్రాలకు చేరింది. అక్కడ దీన్ని పిలిచే పేరు 'పంక్చర్ వైన్', అంటే పంచర్ల తీగ. ఒక పేరు ఇంత నిజం చెప్పడం అరుదు.

పల్లేరు ముల్లు పొడవు అర సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. రేసు సైకిలు టైరును నడిమధ్యన కొలిస్తే పై రబ్బరు, లోపలి గుడ్డ అన్నీ కలిపి మూడు మిల్లీమీటర్లు దాటడం కష్టం. ఇక ఫలితం ఏమిటో చెప్పాలా? ష్వాల్బే కంపెనీ మారథాన్ ప్లస్ టైరులో మాత్రం పై రబ్బరు కింద ఇంకో అయిదు మిల్లీమీటర్ల మందాన సాగే రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. పల్లేరు ముల్లు అందులోనే ఇరుక్కుని ఆగిపోతుంది, ట్యూబు దాకా పోదు. అదే రెండంగుళాల నల్ల తుమ్మ ముల్లు నిలువునా దిగితే దాన్ని ఆ పట్టీ కూడా ఆపలేదు, అది వేరే కథ.

హైదరాబాదులో ఆఫీసుకు సైకిలు మీద వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇలాంటి మందపాటి టైర్లే వేయించాను. పంచర్లు పోయాయి. వాటితో పాటు ఇంకేదో కూడా పోయింది. తొక్కుతున్నంతసేపూ వెనకాల ఎవరో క్యారియర్ పట్టుకుని మెల్లగా లాగుతున్నట్టుండేది. తొక్కడం ఆపితే చాలు, సైకిలు నీరసపడేది. గుంతలు లేని రోడ్డు మీద కూడా చేతులకు ఒక మొద్దు అదురు వచ్చేది. ఒకరోజు స్నేహితుడి సైకిలు ఒక రౌండు తొక్కి వచ్చాక కానీ అర్థం కాలేదు, తేడా నా కాళ్లలో లేదని.

మరి తేడా ఎక్కడుంది? అందరూ ముందు అనుమానించేది బరువునే. మారథాన్ ప్లస్ ఒక్కోటి సైజును బట్టి కిలోకు కాస్త తక్కువగా తూగుతుంది. రేసు టైరు పావుకిలో లోపే. రెండు చక్రాలకూ కలిపి కిలోకు పైనే తేడా అన్నమాట. వినడానికి పెద్దగానే ఉంది. కానీ మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు అనుకుంటే, ఆ తేడా నూటికి ఒకటిన్నర వంతు. అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు ఆ మేరకు శ్రమ పెరుగుతుంది, అంతే. చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు చక్రం బరువుకు దాదాపు ఏ ఖర్చూ లేదు. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు చక్రం అంచు బరువు రెట్టింపుగా లెక్కకు వస్తుందనేది నిజమే కానీ, రెట్టింపు చేసినా అది మీ భోజనం క్యారియరు, నీళ్ల సీసా బరువును మించదు. బరువు మీద నింద వేయడం తేలిక, ఎందుకంటే తూకం వేసి చూపించొచ్చు. అసలు దొంగ తూకానికి దొరకడు.

ఒక రబ్బరు బ్యాండు తీసుకుని గబగబా ఇరవైసార్లు సాగదీసి వదిలి, వెంటనే పెదవికి ఆనించండి. వెచ్చగా తగులుతుంది. సాగదీయడానికి మీరు పెట్టిన శక్తిలో కొంత అది తిరిగి ఇవ్వలేదు, వేడిగా మార్చుకుని తన దగ్గరే ఉంచుకుంది. టైరులో జరిగేదీ ఇదే. నేలను తాకే చోట టైరు చదునవుతుంది, దాటగానే మళ్లీ గుండ్రమవుతుంది. మామూలు రోడ్డు సైకిలు చక్రం కిలోమీటరుకు దాదాపు 470 సార్లు తిరుగుతుంది. అంటే టైరులో ప్రతి ముక్కా కిలోమీటరుకు 470 సార్లు వంగి లేస్తుంది, ప్రతిసారీ కాస్త శక్తిని మింగుతుంది. ఎంత ఎక్కువ రబ్బరు వంగితే అంత మింగుడు. పాఠ్యపుస్తకాల్లో దొర్లుడు ఘర్షణ అని చదువుకున్నది సైకిలు టైరు దగ్గరికి వచ్చేసరికి రోడ్డుతో రాపిడి కన్నా ఎక్కువగా ఈ లోపలి మింగుడే.

దీన్ని కొలిచే గుణకం చాలా చిన్న దశాంశంలో ఉంటుంది కాబట్టి ఎవరికీ మనసుకు ఎక్కదు. నేను దాన్ని కిరాణా లెక్కలోకి మార్చుకున్నాను. మంచి రేసు టైరు చక్రాల మీద ఉన్న ప్రతి కిలో బరువుకూ 3 గ్రాములు వెనక్కి లాగుతుంది. మందపు టైరు 7 గ్రాములు లాగుతుంది. 85 కిలోలకు మొదటిది పావుకిలో, రెండోది అరకిలోకు పైన. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఆ పావుకిలోను ఈడ్చడానికి 17 వాట్లు చాలు, అరకిలో పైచిలుకుకు 40 వాట్లు కావాలి. తేడా 23 వాట్లు. అదే వేగంలో గాలిని చీల్చుకుని పోవడానికి మామూలుగా కూర్చున్న మనిషికి 80 వాట్ల దాకా పడుతుంది. మందపు టైర్లతో మొత్తం 120. అందులో అయిదో వంతు టైర్లు మార్చితే మిగిలిపోయేదే. అదే 120 వాట్లు రేసు టైర్ల మీద పెడితే వేగం 27 కిలోమీటర్లకు చేరుతుంది.

వెనకాల క్యారియర్ పట్టుకుని లాగిందెవరో అలా తెలిసింది. అయితే ఇక్కడ ఒక అన్యాయం జరుగుతుంటుంది. ఈ లెక్క చూసినవాళ్లు పంచర్ పట్టీ వల్లే ఇదంతా అని తేల్చేస్తారు. పట్టీ చేసిన తప్పు ఇందులో కొంతే. గట్టి టైరు అని అమ్మే టైరులో మూడు నాలుగు విషయాలు కలిసి వస్తాయి: పై రబ్బరు మందం ఎక్కువ, ఆ రబ్బరు మిశ్రమం వేల కిలోమీటర్లు అరగకుండా ఉండేలా కలిపింది, లోపలి దారాలు లావు, పక్కలు మందం. వీటిలో ప్రతి ఒక్కటీ విడిగా తన వాటా మింగుతుంది. నిజానికి మారథాన్ ప్లస్ పట్టీలో వాడే సహజ రబ్బరు బాగా సాగి, తిన్నదాంట్లో ఎక్కువ భాగం తిరిగి కక్కే రకం. అయిదు మిల్లీమీటర్ల పట్టీని మామూలు ట్యూబుల్లో వాడే బ్యూటైల్ రబ్బరుతో చేసి ఉంటే ఆ టైరు ఇంకా మొద్దుగా ఉండేది. ట్యూబులో కూడా ఇదే తేడా పనిచేస్తుంది. లేటెక్స్ ట్యూబు వేస్తే ఒక్కో చక్రానికి రెండు మూడు వాట్లు మిగులుతాయి. సన్నటి ముల్లు గుచ్చుకున్నప్పుడు బ్యూటైల్ లాగా వెంటనే చిల్లి పడకుండా కాస్త సాగి తప్పుకుంటుంది కూడా. కాకపోతే రాత్రి గాలి కొడితే తెల్లారేసరికి తెలిసేంత దిగిపోతుంది, రోజూ పంపు పట్టుకోవాలి. మా ఇంట్లో ఆ ఓపిక వారానికి మించి సాగలేదు.

మందంతో కాకుండా బలంతో ఆపుదామనే ఆలోచన వేరే దారి. కెవ్లార్ పేరు బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలతో ముడిపడింది కానీ, 1965లో డ్యూపాంట్ ప్రయోగశాలలో స్టెఫనీ క్వోలెక్ ఆ పదార్థాన్ని కనుగొన్నప్పుడు వాళ్లు వెతుకుతున్నది టైర్లలో వాడడానికి తేలికైన, బలమైన దారం కోసమే. సైకిలు టైరులోకి రావడం ఒక రకంగా అది పుట్టింటికి రావడమే. పై రబ్బరు కింద ఇలాంటి దారంతో నేసిన పలచటి పట్టీ పరిస్తే గాజు పెంకు అంచు దాన్ని కోయలేదు. చిక్కల్లా ముల్లుతోనే. కోయడం వేరు, గుచ్చడం వేరు. సన్నటి మొన దారాన్ని తెంపదు, రెండు దారాల మధ్య సందు చూసుకుని దూరిపోతుంది. అందుకే నేత ఎంత దగ్గరగా ఉందన్నది దారం బలమంత ముఖ్యం. కాంటినెంటల్ కంపెనీ గ్రాండ్ ప్రి 5000 అనే రేసు టైరులో వాడే వెక్ట్రాన్ దారం 1997లో పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగేటప్పుడు దాన్ని కాపాడిన గాలిసంచుల్లోనూ వాడారు. రాళ్ల మీద ఎగిరెగిరి పడినా సంచులు నిలిచాయి. అంగారకుడి మీద తుమ్మచెట్లు లేవనుకోండి.

ఇలాంటి గుడ్డ పట్టీ మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పైగా అది టైరు నడిమధ్యనే ఉంటుంది. కాబట్టి వేగంలో దానివల్ల పోయేది చాలా తక్కువ. ఇంత పట్టీ ఉండి కూడా గ్రాండ్ ప్రి 5000 వేగమైన టైర్ల వరసలోనే నిలబడుతోంది. ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ రేసుల కోసం కంపెనీలు ఇంకా పలచన చేసిన టైర్లు అమ్ముతాయి, అవి వేసుకుని ఆఫీసుకు వెళ్లేవాళ్లెవరూ లేరు.

పట్టీ ఏ పదార్థంతో చేశారన్న దానికన్నా అది ఎక్కడుంది అన్నదే తొక్కేటప్పుడు మన ఒంటికి ఎక్కువ తెలుస్తుంది. టైరులో ఎక్కువగా వంగేది నేలను తాకే నడిమి భాగం కాదు, పక్కలు. గుంత వచ్చినప్పుడు ఉబ్బి ఆ దెబ్బను మింగేది అవే. కాబట్టి రక్షణ పొరను ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా పరిచిన టైరు, నడిమధ్యన మాత్రమే పరిచిన టైరు ఒకేలా ఉండవు. మొదటిది రాళ్ల దారిలో పక్కలు చీరుకుపోకుండా కాపాడుతుంది. బదులుగా స్పర్శ చంపేస్తుంది. ఇక లోపలి గుడ్డ సంగతి. అంగుళానికి 60 లావు దారాలున్న గుడ్డకూ, విట్టోరియా కోర్సా లాంటి టైరులో అంగుళానికి 320 నూలు దారాలున్న గుడ్డకూ తేడా గోనెసంచికీ పొందూరు ఖాదీకీ ఉన్నంత. సన్నటి దారాల మధ్య రబ్బరు నింపాల్సిన ఖాళీ తక్కువ, అందుకే గుడ్డ పలచగా, సులువుగా వంగేలా ఉంటుంది. అయితే డబ్బా మీది అంకె చూసి మోసపోవద్దు. కొన్ని కంపెనీలు మూడు పొరల దారాలూ కలిపి లెక్కేసి అచ్చేస్తాయి. 330 అని రాసి ఉన్న టైరులో ఒక్కో పొరకు ఉన్నవి 110. చీరల కొట్టులో కౌంటు అడిగినంత నిక్కచ్చిగా ఇక్కడా అడగాలి.

ఇప్పుడు అసలు తికమక. మొద్దు టైరు రెండుసార్లు నష్టం చేస్తుంది, రెండోది టైర్లను పరీక్షించే నున్నటి డ్రమ్ము యంత్రం మీద కనపడదు. పలచటి టైరులో బరువు మోసేది దాదాపు అంతా గాలే, గుడ్డ ఆ గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే. మందపు టైరులో పక్కలు కూడా కొంత బరువు మోస్తాయి. గాలి లేకుండా చేత్తో నొక్కి చూసినా తెలుస్తుంది. కాబట్టి గాలి తగ్గించినా అది పలచటి టైరంత మెత్తబడదు. పైగా గాలి తగ్గిన కొద్దీ అంత మందమైన రబ్బరు ఇంకా ఎక్కువ వంగి ఇంకా ఎక్కువ మింగుతుంది. బండి ఈడ్చుకుపోతున్నట్టు అనిపించగానే మనవాళ్లు ఏం చేస్తారు? పంపు తీసుకుని రాయిలా అయ్యేదాకా కొడతారు. ఆ నున్నటి ఉక్కు డ్రమ్ము మీదైతే అది పనిచేసేదే. మన రోడ్ల మీద పనిచేయదు. టైరు మింగాల్సిన ప్రతి గతుకూ సైకిలునీ మనిషినీ పైకి ఎగరేస్తుంది. ఒళ్లు అదిరిన ప్రతిసారీ కండరాలు, కొవ్వు, కీళ్లు ఆ శక్తిని వేడిగా మార్చి పారేస్తాయి. అది మన కాళ్లలోంచి పోయిన శక్తే. బైసికల్ క్వార్టర్లీ అనే అమెరికన్ పత్రిక నడిపే యాన్ హైనె బృందం హైవే పక్కన ఉండే రంబుల్ స్ట్రిప్స్ అనే గతుకుల పట్టీల మీద, కాళ్లు పెట్టే శక్తిని కొలిచే పవర్ మీటరుతో తొక్కి, ఈ అదురుకు పోయే శక్తి ఎవరూ ఊహించనంత ఎక్కువని చూపించింది. వెడల్పాటి, పలచటి టైరును తక్కువ గాలితో తొక్కితే నెమ్మదవదని అంతకుముందే వాళ్లు వాదించారు. అప్పట్లో నవ్వినవాళ్లే ఎక్కువ, ఇప్పుడు రేసు సైకిళ్లే 28, 30 మిల్లీమీటర్ల టైర్లకు వచ్చేశాయి.

ఒళ్లు ఇక్కడ మనకు అబద్ధం చెబుతుంది. గట్టిగా గాలి కొట్టిన టైరు జుమ్మని సన్నగా అదురుతుంటే వేగంగా పోతున్నామనిపిస్తుంది. మెత్తగా సాగిపోయే టైరు మీద ఏదో తీరిగ్గా పోతున్నట్టుంటుంది, గడియారం మాత్రం వేరే మాట చెబుతుంది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద తొక్కి చూసినప్పుడు నా పాత గట్టి టైర్లు అంత చెడ్డగా అనిపించలేదు. అక్కడ అదురు లేదు, మొదటి నష్టం ఒక్కటే ఉంది. అవే టైర్లతో కాలనీ రోడ్డు మీదకు వచ్చాక రెండూ కలిసి వచ్చాయి. ఎవరైనా టైరు గురించి గొప్పగానో చెడ్డగానో చెబితే, ఏ రోడ్డు మీద, ఎంత గాలితో అని అడగకుండా నమ్మడం మానేశాను.

ఇంత సుంకం కట్టినా ఈ రక్షణ కొన్ని పంచర్లను అసలు ముట్టుకోదు. గాలి తక్కువై గుంత అంచుకు రిమ్ము తగిలితే ట్యూబు రెండు వైపుల మధ్య నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. కింద ఎంత పట్టీ ఉన్నా దానికి సంబంధం లేదు. రిమ్ము పట్టీ జరిగి స్పోక్ తల లోపల్నుంచి గుచ్చుకున్నా అంతే. ఇంకో రకం గురించి నాకు షాద్‌నగర్ దాటాక రోడ్డు పక్క పంచర్ షాపులో తెలిసింది. టైరు పైపైన నిక్షేపంగా ఉంది. షాపతను ట్యూబుకు గాలి కొట్టి నీళ్లలో ముంచి బుడగ చూసుకుని, టైరు లోపల అదే చోట వేలు పెట్టి తడిమి, గోటితో ఏదో పీకాడు.

"టైరు గట్టిగనే ఉంది గదన్నా. ఇది లారీ టైరు తీగ. దీనికి గట్టి టైరు, పల్చ టైరు అని ఏం లేదు."

వెంట్రుక కన్నా కాస్త లావున్న ఉక్కు తీగ. లారీల రేడియల్ టైర్లు పేలినప్పుడు వాటి లోపలి ఉక్కు తీగలు ముక్కలై హైవే పక్క అంచున రాలిపోతాయి, సరిగ్గా మనం తొక్కే చోట. ఏ నేత సందులోంచైనా అవి దూరిపోతాయి. టైరు తిరిగిన ప్రతిసారీ రోడ్డు సుత్తిలా కొట్టి వాటిని కొంచెం కొంచెం లోపలికి దిగేస్తుంది. అయిదు కిలోమీటర్లకు రెండు వేల మూడొందల పైన దెబ్బలు. చిన్న గాజు పెంకు కూడా ఇలాగే, గుచ్చుకున్న నిమిషంలో కాదు, గంట తర్వాత పంచర్ చేస్తుంది.

తీగలాంటివాటికి పొరల కన్నా ద్రవమే సరైన మందు. ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంట్ చిల్లులోంచి బయటికి చిమ్ముతూనే గడ్డకట్టి మూసేస్తుంది. ముల్లును ఆపే ప్రయత్నమే చేయదు, వచ్చాక సర్దుకుంటుంది. దాంతో టైరు పలచగానే ఉండొచ్చు, ట్యూబు రాపిడి ఉండదు, పాముకాటుకు నలగడానికి ట్యూబే లేదు. 2021లో బురదలో జరిగిన పారిస్–రూబే రేసును సోనీ కోల్‌బ్రెల్లి ట్యూబ్‌లెస్ టైర్ల మీదే గెలిచాడు. అయితే ఎక్కువ గాలి ఉన్న సన్నటి టైరులో సీలెంట్ గడ్డకట్టేలోపే పిచికారీలా బయటికి పోయి మన ప్యాంటుకు అంటుతుంది. మన ఎండలకు అది త్వరగా ఎండిపోతుంది కూడా. రెండు మూడు నెలలకోసారి విప్పి చూసుకోకపోతే లోపల మిగిలేది రబ్బరు పొట్టే. ఊరి బయట పంచర్ షాపులో దాన్ని బాగు చేయించుకోవడం కూడా కష్టం, సంచిలో ఒక ట్యూబు ఉండాల్సిందే. టైరుకూ ట్యూబుకూ మధ్య పెట్టే ప్లాస్టిక్ పట్టీలు ముల్లును ఆపుతాయి కానీ వాటి అంచు ఒరుసుకుని ట్యూబుకు తనే చిల్లి పెట్టడం చూశాను. గాలే లేని గట్టి రబ్బరు టైర్ల గురించి నేను చెప్పేదేమీ లేదు. ఒకసారి తొక్కితే మీ నడుమే చెబుతుంది.

మరి ఏది వేసుకోవాలి? దీన్ని నేను నిమిషాల్లోకి మార్చి చూసుకున్నాను. ఆఫీసు 8 కిలోమీటర్లు. గంటకు 25తో వెళ్తే 19 నిమిషాలు, 27తో వెళ్తే 18 లోపు. రోజూ నిమిషమున్నర కోసం ఇస్త్రీ చొక్కాతో రోడ్డు పక్క కూర్చుని చేతులు నల్ల చేసుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? అక్కడ మందపు టైరుదే గెలుపు. గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు ప్రయాణం, అంటే 200 కిలోమీటర్ల బ్రెవే అయితే 25తో ఎనిమిది గంటలు, 27తో ఏడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. పంచర్‌కు పన్నెండు నిమిషాలు వేసుకున్నా, మూడు పంచర్లు పడితే కానీ రేసు టైరు ఓడిపోదు. కానీ మధ్యస్థంగా ఉండే టైరు ఒకటి చూడండి: నడిమధ్యన పలచటి గుడ్డ పట్టీ, మెత్తటి పక్కలు, కిలోకు 4 గ్రాముల లాగుడు. అదే 120 వాట్లతో వేగం 26.5. రెండొందల కిలోమీటర్లకు రేసు టైరు కన్నా ఎనిమిది నిమిషాల పైచిలుకు వెనక. ఒక్క పంచర్ తప్పించినా ఆ సుంకం తిరిగొచ్చినట్టే. మందపు టైరు, రేసు టైరు అని రెండు పక్షాలుగా చీలి వాదించుకునేవాళ్లు ఈ మధ్య టైరును ఎందుకో లెక్కలోకే తీసుకోరు.

వానాకాలంలో మాత్రం ఏ లెక్కా నిలవదు. తడి రబ్బరును గాజు పెంకు సబ్బులా కోస్తుంది, నీళ్లకు చెత్త టైరుకు అంటుకుని తిరుగుతుంది. అరిగిపోయిన టైరైతే ఇంకా సులువు. ఇంటికి రాగానే టైరు మీద ఒకసారి చెయ్యి తిప్పి, దిగబడిన పెంకుల్ని పిన్నీసుతో పీకేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. వేగంలో దానికి సుంకం సున్నా.

ఇప్పుడు నా సైకిలుకు వెనక గట్టి టైరు, ముందు మెత్తటిది ఉన్నాయి. బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది, ముందు చక్రం లేపి తిప్పేసిన ముల్లు కూడా వెనకదానికే దొరుకుతుంది, అందుకే పంచర్లు ఎక్కువగా అక్కడే. చేతులకు వచ్చే అదురు ముందు నుంచి, మలుపులో పట్టు కావాల్సిందీ ముందే. దీనికి ఒక అభ్యంతరం ఉందని నాకూ తెలుసు. దిగుడులో ముందు టైరు గాలి ఒక్కసారిగా పోతే పడిపోయే ప్రమాదం వెనకటి కన్నా ఎక్కువ. అందుకని ముందు టైరును పూర్తిగా అరిగేదాకా ఉంచను, సగం అరగగానే మార్చేస్తాను. వెనక టైరు మాత్రం మూడో ఏడాది నడుస్తోంది, రబ్బరు మీద ఎన్ని గాట్లున్నాయో లెక్కపెట్టడం మానేశాను.